పాలకంకి

రోకలి లేచినప్పుడు మెందూతా ఊపిరి పీల్చుకుంటుంది, దిగినప్పుడు వదులుతుంది. అరవై ఏళ్ళుగా అదే పద్ధతి. ఆ జూలై ఉదయం సాండస్కీ నది మీద మంచుతెర విడిపోకముందే రెండు వాయిలు దంచేసి, మూడో వాయి రోట్లో పోసింది. వేయించిన మొక్కజొన్న గింజలు, వాటిలో కాస్త మేపుల్ చెట్టు నీరు కాచిన బెల్లం. దంచి జల్లిస్తే మట్టిరంగు పిండి దిగుతుంది. పిడికెడు నోట్లో వేసుకుని నీళ్ళు తాగితే పొద్దు వాలేదాకా కడుపు పేచీ పెట్టదు. ప్రయాణానికి ఇంతకంటే మంచి తిండి మా వయాండాట్ జాతి వాళ్ళకు తెలియదు. ప్రయాణాలు మాత్రం బాగా తెలుసు.

డెబ్బై దాటిన మనిషి. పొట్టిది, చేతులు మాత్రం పొడుగు. దంచీ దంచీ కుడి భుజం ఎడమదానికంటే రెండు వేళ్ళు పైకి లేచి ఉండేది. అరచేతులు రోకలి నడుములాగే నున్నగా అరిగిపోయాయి. పల్చబడిన జడను ఎర్రగుడ్డ పేలికతో కట్టేది. సభలో ఒక్కనాడు లేచి మాట్లాడింది లేదు. ఆమె సలహా అడగాలని ఎవరికీ తోచలేదు కూడా. కానీ ఊళ్ళో పెళ్ళయినా చావయినా, బూడిదనీళ్ళలో ఉడికించి పొట్టు తీసిన మొక్కజొన్న ఆమె చేతిదే కావాలి. వేరే వాళ్ళు చేస్తే ఒక ముద్ద తిని లేచేవారు.

ఆమె రోలు కదిలేది కాదు. ఇంటి వెనక ఓక్ చెట్టు కొట్టించి, నేలలో నిలిచిన మొదలు మీద నిప్పులు పోసి, కాలిన చోట గోకి, మళ్ళీ నిప్పులు పోసి వాళ్ళమ్మ చేసిన రోలు అది. వేళ్ళు ఇంకా భూమిలోనే ఉన్నాయి. సాయంత్రం పని అయ్యాక మెందూతా పిండంతా ఎత్తేది కాదు. అడుగున పిడికెడు వదిలి, పైన చెట్టుబెరడు మూత పెట్టేది. రోలును ఆకలితో పడుకోబెట్టకూడదని వాళ్ళమ్మ చెప్పిందట. ఎందుకని అడగలేదు, మానలేదు.

మర్నాడే ప్రయాణం. నేలను ప్రభుత్వానికి వదిలి పోతామన్న ఒప్పందం మీద పెద్దలు సంతకాలు పెట్టి ఏడాది దాటింది. ఒహాయో నేలలో మిగిలిన ఆఖరి జాతి మాదే. మాకంటే ముందు అందరినీ సాగనంపారు. బళ్ళ మీద సిన్సినాటిదాకా పోయి, అక్కడ పొగపడవలు ఎక్కి, మిసిసిపీ అవతల ఎక్కడో దిగాలి. మెందూతాకు అదేమీ కొత్త కథ కాదు. పూర్వం ఉత్తరాన పెద్ద సరస్సు ఒడ్డున ఊళ్ళు తగలబడితే మావాళ్ళు దీవికి పోయారు. దీవిలో ఆకలికి ఆగలేక పడమరకు, అక్కణ్ణుంచి డెట్రాయిట్ కోట పక్కకు, అక్కణ్ణుంచి ఇక్కడికి. వచ్చిన ప్రతిచోటా మగవాళ్ళు కోట ఎక్కడ కట్టాలని వాదించుకుంటుంటే, ఆడవాళ్ళు పొద్దు తగిలే నేల ఎక్కడుందా అని చూశారు. విత్తనాలు పావడా అంచుల్లో కుట్టుకుని వచ్చారు. మెందూతా పావడా అంచు కూడా అప్పటికి వారంగా బరువుగా ఉంది.

ఆమె బెంగ ప్రయాణం గురించి కాదు. మనవరాలు కెటూరా కూతురు గురించి.

పిల్లకు ఆరు నెలలు. పేరు లేదు. మాలో పేరు వంశం సొత్తు. తాబేలు వంశం ఆడదానికి పుట్టిన బిడ్డకు తాబేలు వంశం పేరే పెట్టాలి. ఒక పేరును ఒకేసారి ఇద్దరు మొయ్యకూడదు. మనిషి పోతే పేరు ఖాళీ అవుతుంది, దాన్ని ఇంకో బిడ్డ మీద నిలబెడతారు. ఆ పని పచ్చికంకుల పండుగనాడే జరగాలి, కొత్త కంకి పాలుపట్టి తినడానికి వచ్చాక. అంటే ఆగస్టులో. ఆగస్టుకు ఈ ఊళ్ళో మావాళ్ళెవరూ ఉండరు. కొత్త నేలలో ఈ ఏడు విత్తేదీ లేదు, కంకి చూసేదీ లేదు.

"దారిలో పిల్లకు ఏమైనా అయితే ఏమని పిలిచి ఏడుస్తామే?" అని వసంతకాలంలో ఒకసారి కెటూరాతో అంది. కెటూరా పిల్లను గట్టిగా పొదువుకుని లోపలికి పోయింది. ఆ మాట మళ్ళీ ఎత్తలేదు గానీ మెందూతా ఊరుకోలేదు.

ఓక్ చిగురు ఉడత చెవంత అయ్యాక మొక్కజొన్న వెయ్యాలి. చిన్నపిల్లలక్కూడా తెలిసిన సంగతి. ఆమె చిగురు ఇంకా కన్ను తెరవకముందే, దక్షిణం గోడ వారగా నలభై మొక్కలకు సరిపడా గింజలు వేసింది. చలి కొట్టే ప్రతి రాత్రీ బెరడు ముక్కలు కప్పింది, తెల్లారి తీసింది. ముసలామెకు చాదస్తం ముదిరిందని ఊరు ముసిముసిగా నవ్వింది. జూలై వచ్చేసరికి ఊళ్ళో మొక్కజొన్న నడుమెత్తు ఉంటే, ఆ గోడవార మొక్కలు పీచు వేసి నిలబడ్డాయి. పీచు ఇంకా ఎండలేదు. ఆమె రోజుకు రెండుసార్లు పోయి చూసేది. గోరు గుచ్చితే నీళ్ళే వచ్చేవి.

పొద్దెక్కాక తమ్ముడు ఎనోస్ వచ్చాడు. తాబేలు వంశానికి పెద్ద అతను. ఆదివారం మిషన్ చర్చిలో ముందు బెంచీ మీద కూర్చుని అందరికంటే గట్టిగా పాడతాడు, పండుగనాడు పేర్లు పెట్టేదీ అతనే. రెండూ ఎలా పొసుగుతాయని ఎవరైనా అడిగితే, గొంతు ఒకటేగా అంటాడు.

"ఏమక్కా, నీ చేను ఎందాకా వచ్చింది?"

"నీకంటే ముందే ఎదుగుతోందిలే."

ఎనోస్ మొద్దు మీద కూర్చుని, పిండి చిటికెడు తీసి నోట్లో వేసుకున్నాడు. "పాదిరీగారు నిన్న మళ్ళీ అడిగారు. పిల్లకు మార్తా అని పెడతారట. మంచి పేరే. ఒక గిన్నెడు నీళ్ళతో పని అయిపోతుంది."

"పెట్టుకోమను, నేనేం అడ్డమా? నీకూ పెట్టారుగా ఎనోస్ అని. చిన్నప్పుడు నువ్వు బెల్లం దొంగిలిస్తే, నిన్ను నీ అసలు పేరు పెట్టి తన్నేదాన్ని. ఎనోస్ అని తన్నితే నీకు తగిలేదా?"

ఎనోస్ నవ్వాడు. కాసేపటికి నవ్వు తగ్గింది. "అది కాదక్కా. నీ కంకి పాలుపట్టిందే అనుకో. పేరేదీ? రాత్రంతా వేళ్ళ మీద లెక్కేశాను. ఆడపేర్లలో ఖాళీగా ఉన్నది ఒక్కటే. ఆ వరదలో పోయినావిడది."

"పడవెక్కబోయే పిల్లకు, మునిగిపోయినావిడ పేరు పెడతావా?"

"నాకు మాత్రం ఇష్టమా? నీ కూతురి పేరు ఉండేది. దాన్ని కెటూరా మీద నిలబెట్టేశాం. మనుషులు పోకుండా పేర్లు ఎక్కణ్ణుంచి తేను?"

మెందూతా రోకలి ఎత్తింది. దించేలోగా ఎడమ రొమ్ము కింద పోటు వచ్చింది. వసంతం మొదట్లో మేపుల్ చెట్లు నీరు కారే రోజుల నుంచీ వస్తూనే ఉంది, ఎవరికీ చెప్పలేదు. రోకలి రోట్లోనే ఆనించి, దాన్ని పట్టుకుని పోటు పోయేదాకా నిలబడింది. ఎనోస్ చూసి, అలసిపోయింది కాబోలు అనుకున్నాడు.

"సాయంత్రం రా," అంది. "మనవాళ్ళను కూడా రమ్మను. కంకి సంగతి నాది."

మధ్యాహ్నం ఆమె ఉడికిన మొక్కజొన్నను పొట్టు కడగడానికి నది ఒడ్డుకు వెళ్ళింది. అల్లిక జల్లెడను నీళ్ళలో ఆడిస్తే పొట్టు తేలి కొట్టుకుపోతుంది, గింజ తెల్లగా మిగులుతుంది. ఆ ఒడ్డున అదే ఆఖరిసారి. ఆ సంగతి తలుచుకుని ఏడ్చే మనిషి కాదు ఆమె. జల్లెడ నాలుగుసార్లు ఆడించే చోట ఐదుసార్లు ఆడించింది, అంతే.

ఇంటికొస్తుంటే ఏదో కరకర నమిలే చప్పుడు వినిపించింది. జల్లెడ కింద పెట్టి గోడవారకు పరుగెత్తింది. పక్క పొలం కొత్తగా చేతికొచ్చిన తెల్లాయన ఆవు, మొక్కల మధ్య తీరిగ్గా నిలబడి మేస్తోంది. చేను చుట్టూ ఉండాల్సిన తడిక లేదు. మెందూతా ఆవు చెవి పట్టుకుని ఈడ్చింది. ఆవు రాలేదు. రోకలి తెచ్చి దాని పక్కలో పొడిచింది, అప్పుడు కదిలింది.

ఆవు వెనకే తెల్లాయన వచ్చాడు. టోపీ చేతిలో పట్టుకుని, తాడు వెతుక్కుంటూ.

"మీరంతా వెళ్ళిపోయారనుకున్నా పెద్దమ్మా."

"రేపు కదా వెళ్ళేది. ఒక్కరోజు ఓపిక పట్టలేకపోయావా?"

"తడిక లేదు మరి. ఆవుకేం తెలుస్తుంది?"

"ఆవుకు తెలీదులే పాపం. నీకు తెలుసుగా, ఇవాళ ఏ రోజో."

ఆయన మొహం కందగడ్డ అయింది. చెడ్డవాడు కాదు, తొందరపడ్డవాడు. "మా ఇంటిదాన్ని అడిగి చంటిదానికి పాలు పంపిస్తా," అన్నాడు గొణుగుతూ.

"నాకు కావలసిన పాలు ఇక్కడున్నాయి," అంది ఆమె మొక్కల వైపు చూపించి. "నీ ఆవు మిగిల్చి ఉంటే."

ఆయనకు అర్థం కాలేదు. ఆవును తోలుకుని పోయాడు.

నలభై మొక్కల్లో తొమ్మిది నిలబడ్డాయి. మెందూతా మోకాళ్ళ మీద కూర్చుంది. మొదటి కంకి పొత్తి చీల్చి గోరు గుచ్చింది. నీళ్ళు. రెండోది, నీళ్ళు. మూడోదాన్ని ఆవు సగం కొరికేసింది. నాలుగు, ఐదు, ఆరు చూసింది. అన్నీ నీళ్ళే. పొత్తి చీల్చిన కంకి ఇక ముదరదు. ఆ సంగతి తెలిసీ చీల్చుకుంటూ పోయింది, రేపటికి ముదిరినా చూసేవాళ్ళు లేరు గనక. ఎనిమిదోదానికీ నీళ్ళే వచ్చాయి. చివరి మొక్క గోడకు ఆనుకుని ఉంది, వాలిపోయి, ఆవు నోటికి అందకుండా. దాని కంకి చిటికెనవేలికంటే కాస్త లావు. గోరు గుచ్చింది. తెల్లటి చుక్క ఉబికి గోటి మీద నిలిచింది.

మెందూతా పైకే నవ్వింది. చుట్టూ ఎవరూ లేరు, ఎవరున్నా నవ్వేదే.

అప్పుడు కెటూరా మొగుడు మోజెస్ బండి దగ్గర్నుంచి వచ్చి, తల వంచుకుని నిలబడ్డాడు. "అమ్మమ్మా, తడిక నేనే పీకాను. బండి పక్కలకు చెక్క చాల్లేదు. చెబుదామనే అనుకున్నా."

"బండికి అమరిందా?"

"అమరింది."

"అయితే ఇంకేం. చలిగాలి తగలకుండా నా ముత్తవ్వను ఆ పక్కన పడుకోబెట్టు." మనవరాలి కూతుర్ని ఆమె అలాగే పిలిచేది, పేరు లేదు గనక.

మోజెస్ ఇంకా కదల్లేదు. "ఆ రోలు కూడా తవ్వి బండిలో వేస్తా. ఇద్దరం పట్టుకుంటే అయిపోతుంది."

"దాని వేళ్ళు ఎందాకా పోయాయో చేసిన మా అమ్మకే తెలీదు. నీకేం తెలుస్తుంది? రోకలి తీసుకుపొండి. రోలుదేముంది, అక్కడా చెట్లుంటాయి."

సాయంత్రం పొద్దు వాలుతుండగా తాబేలు వంశం వాళ్ళు ఏడుగురు వచ్చారు. మిగతావాళ్ళు బళ్ళు కట్టుకునే హడావుడిలో ఉన్నారు. ఇల్లు ఖాళీ అయింది, అందుకని రోలు చుట్టూ నిలబడ్డారు. మెందూతా కంకిని నిప్పుల మీద కాల్చింది. అంత చిన్న కంకికి అంతమంది ఎదురుచూడటం చూసి ఒకావిడకు నవ్వొచ్చింది, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

ఎనోస్ పిల్లను రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. గొంతు సవరించుకున్నాడు. వరదలో పోయినావిడ పేరు అతని నాలుక చివర ఉందని అందరికీ తెలుసు. కెటూరా నేల చూపులు చూస్తోంది.

"ఆగరా," అంది మెందూతా. "నా పేరు పెట్టు."

"నీ పేరా? నువ్వు ఉండగా ఎట్లా పెడతానే? ఒక పేరుతో ఇద్దరు నడవకూడదు."

"ఇద్దరెందుకు నడుస్తారు? నేను దింపేస్తున్నాను. ఇన్నాళ్ళూ మోశాను, చాల్లే. అరగలేదు, చిరగలేదు. బురదలోంచి తలెత్తింది అని దానర్థం. నీళ్ళ మీద పోయే పిల్లకు అంతకంటే ఏం కావాలి?"

ఎనోస్ అక్క మొహంలోకి చూశాడు. పొద్దున ఆమె రోకలి పట్టుకుని నిలబడిపోవడం అతనికి అప్పుడు గుర్తొచ్చింది. పిల్లను పొద్దు వైపు ఎత్తి, పేరు చెప్పాడు. ఈమె ఇక మెందూతా అన్నాడు. ఏడుగురూ ఒక్కసారి ఔనని బదులిచ్చారు.

ముసలామె ఒక గింజ వలిచి, చిదిమి, పిల్ల పెదాలకు రాసింది. పిల్ల మొహం చిట్లించింది, చప్పరించింది, ఇంకా కావాలని నోరు తెరిచింది. అందరూ నవ్వారు. మిగిలిన గింజలు తలా మూడు వచ్చాయి. పండుగనాడు కుండలకొద్దీ తిన్నవాళ్ళు ఆ మూడు గింజలే నమిలి నమిలి మింగారు. నాకు తెలిసి మావాళ్ళు చేసుకున్న పండుగల్లో అంత చిన్నదీ లేదు, అంత గొప్పదీ లేదు.

వెళ్ళబోతూ ఎనోస్ దగ్గరికొచ్చాడు. "మరి నిన్నేమని పిలవనే?"

"పుట్టినప్పట్నుంచీ అక్కా అనేగా చస్తున్నావు. దానికి పేరెందుకు?"

ఎనోస్ కళ్ళు తుడుచుకుని నవ్వబోయాడు, కుదరలేదు. ఆమె అతని వీపు మీద ఒక్కటి చరిచి పంపించింది.

పొద్దున మొదలెట్టిన మూడో వాయి ఇంకా మిగిలి ఉంది. దంచేసి పడుకుంటానంది. కెటూరా బండిలో పిల్లను పడుకోబెడుతూ రోకలి చప్పుడు వింది. దెబ్బకూ దెబ్బకూ మధ్య ఎడం ఎక్కువగా ఉందనిపించింది. అలసట కాబోలు అనుకుని ఆ చప్పుడుతోనే నిద్రపోయింది.

తెల్లవారి ఆమెకు మెలకువ వచ్చింది చప్పుడు లేకపోవడం వల్లే. పుట్టి బుద్ధెరిగాక రోకలి మోగని పొద్దు అదే. అమ్మమ్మ రోలుకు వీపు ఆనించి కూర్చుని ఉంది. రోకలి ఒళ్ళో ఉంది. కళ్ళు మూసుకున్నాయి, జడలో ఎర్రపేలిక మంచుకు తడిసింది. పక్కన మూడో సంచీ నిండుగా, మూతి కట్టి ఉంది.

పేరు ఇచ్చేసింది గనక పోయిందని కొందరు, పోతానని తెలిసే ఇచ్చిందని కొందరు ఇప్పటికీ వాదించుకుంటారు. నేను రెండో పక్షం. ఏ పనినీ సగంలో వదిలి లేచే మనిషి కాదు ఆమె.

ఎనోస్, మోజెస్ కలిసి ఆమె కూతురి పక్కనే గొయ్యి తవ్వారు. బళ్ళన్నీ ఆగాయి. ఎవరూ తొందరపెట్టలేదు. గొయ్యి పూడ్చాక, అమ్మమ్మ పావడా అంచులోంచి ముందే విప్పి తీసిన విత్తనాలను కెటూరా తన పావడాలోకి మార్చుకుంది.

మధ్యాహ్నం కావస్తుండగా సభ గుమస్తా జేబెజ్ బళ్ళ వరస ముందు నిలబడి జాబితా చదివాడు. మిషన్ బడిలో చదువుకున్నవాడు, కళ్ళద్దాల మనిషి. ఒక్కో ఇంటి పేర్లూ పిలవడం, వాళ్ళు పలకడం, టిక్కు పెట్టడం. మోజెస్ బండి దగ్గరికి వచ్చేసరికి అతని గొంతు తగ్గింది.

"మెందూతా," అని చదివి, ఆగి, ఆ పేరు కొట్టెయ్యడానికి పెన్సిల్ ఆనించాడు.

"కొట్టెయ్యకు అన్నా," అంది కెటూరా. పిల్లను బండి అంచు మీదుగా పైకెత్తింది. "ఇదిగో, ఉంది."

జేబెజ్ పిల్ల వైపు చూశాడు. ఎనోస్ వైపు చూశాడు. ఎనోస్ తల ఊపాడు. జేబెజ్ టోపీ తీసి చంకలో పెట్టుకుని, ఆ పేరు పక్కన నిదానంగా టిక్కు పెట్టాడు. కింద ఇంకో పంక్తి ఉంది, కెటూరా బిడ్డ, పేరు లేనిది అని. దాన్ని కొట్టేశాడు. తర్వాతి బండి దగ్గరికి నడిచాడు.

ఎద్దులు కదిలే ముందు కెటూరా దిగి ఇంటి వెనక్కు పరుగెత్తింది. రోకలి చంకన పెట్టుకుంది. రోట్లో ఆఖరి వాయి పిండి ఇంకా కొంత ఉంది. దారి పొడుగు, తినే నోళ్ళు చాలా. రెండు చేతులా తోడి, అడుగు గోకి మరీ గుడ్డలో మూట కట్టుకుంది. నాలుగడుగులు వేసింది. వెనక్కి వచ్చింది. మూట విప్పి, పిడికెడు తీసి రోట్లో వేసింది.

బళ్ళు దక్షిణం దారి పట్టాయి. దుమ్ము సర్దుకున్నాక ఆ ఇంటి వెనక కదలకుండా మిగిలింది రోలు ఒక్కటే, అడుగున పిడికెడు పిండితో, పైన సరిగ్గా పెట్టిన బెరడు మూతతో.